పీట నుంచి కుర్చీ దాకా: కడప జిల్లా మూడు పట్టణాల్లో పేము, ఇనుము ఆసనాలు

కుర్చీ చరిత్ర రాసేవారు సాధారణంగా ఆకృతితో మొదలుపెడతారు. ఎవరు గీశారు, ఏ కర్మాగారంలో తయారైంది, ఏ సంవత్సరంలో విపణికి వచ్చింది అన్న ప్రశ్నలే అక్కడ ముఖ్యం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాల విషయంలో ఆ మార్గం ఎక్కువ దూరం తీసుకుపోదు. ఇక్కడి కుర్చీకి రూపకర్త పేరు లేదు. చేసిన వడ్రంగి, అతికిన కమ్మరి, అల్లిన చేయి ఏ పత్రంలోనూ నమోదు కాలేదు. మిగిలినవి పేర్లు. కడప జిల్లా ఊరిపేర్లను ఆధారం చేసుకొని ఆ ప్రాంత చరిత్రను చదవవచ్చునని కేతు విశ్వనాథరెడ్డి తమ పరిశోధనలో చూపారు. ఊరిపేరుకు వర్తించే పద్ధతి వస్తువు పేరుకూ వర్తిస్తుందనే నమ్మకంతో ఈ వ్యాసం సాగుతుంది.

పరిశీలనకు తీసుకున్న వస్తువు ఒకటే: ఇరవయ్యో శతాబ్ది నడిమి దశాబ్దాల్లో కార్యాలయాలకు, ఆస్పత్రులకు, గ్రంథాలయాలకు, తరువాత ఇళ్ళ వసారాలకు చేరిన కుర్చీ. దాని కాళ్ళూ చట్రమూ ఇనుప గొట్టం, కూర్చునే భాగమూ వీపు ఆనించే భాగమూ పేము అల్లిక. పాశ్చాత్య దేశాల్లో ఇటువంటి కుర్చీని నేడు ఆధునిక శైలికి ప్రతీకగా భద్రపరుస్తున్నారు. మన సీమలో అది శైలిగా రాలేదు. పేరు ఉర్దూ నుంచి, అధికారం కచేరీ నుంచి వచ్చాయి. కట్టుబడి మాత్రం మన ఇంటి మంచానిదే. ఈ మూడింటినీ విడదీసి చూస్తేనే కుర్చీ ఈ నేలమీద ఏం చేసిందో తెలుస్తుంది.

పేర్ల సాక్ష్యం

'కుర్చీ' అరబ్బీ 'కుర్సీ' పదం నుంచి పారశీక, ఉర్దూ భాషల మీదుగా వచ్చిందన్నది అందరికీ తెలిసినదే. 'స' కారం 'చ' కారంగా ఎందుకు మారిందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. 'కూర్చుండు' ధాతువు ప్రభావమే కారణమని చెప్పడం సులభం. కూర్చునేది కనుక కుర్చీ అని నేటికీ చాలామంది భావిస్తారు. కానీ మరాఠీలో 'ఖుర్చీ' అనీ, కన్నడంలో 'కుర్చి' అనీ ఉన్నప్పుడు ఈ మార్పును తెలుగు ధాతువుకు మాత్రమే ముడిపెట్టలేం. దక్కను భాషలన్నిటిలోనూ కలిగిన మార్పు ఇది. తెలుగు ధాతువు ఆ రూపానికి ఇంటి పదమన్న భ్రాంతిని కల్పించి స్థిరపరచి ఉంటుంది. పక్కనున్న తమిళం 'నార్కాలి' అని, అంటే నాలుగుకాళ్ళదని, సొంత పదం కట్టుకున్నది. తెలుగు అరువు పదాన్నే ఇంటిపదం చేసుకున్నది. మయానా నవాబుల కాలం నుంచి 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేసేదాకా కడప పాలన వ్యవహారంలో ఉర్దూ, పారశీక పదాల పలుకుబడి ఎంతటిదో జ్ఞాపకం ఉంచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. కచేరి, జమాబందీ, తహసీలు, కుర్చీ ఒకే బండిలో దిగిన సరుకులు.

కుర్చీ రాకముందు కూర్చునే సాధనాలు లేకపోలేదు. చాప, పీట, ముక్కాలిపీట, గద్దె, అరుగు, మంచం ఉన్నాయి. వీటిలో 'పీట' చరిత్ర చిత్రమైనది. సంస్కృత 'పీఠ' శబ్దం తెలుగులో రెండుగా చీలింది. తత్సమంగా నిలిచిన 'పీఠం' దేవుడికి, మఠాధిపతికి, విశ్వవిద్యాలయ ఆచార్యుడికి దక్కింది. తద్భవమైన 'పీట' వంటింటికి, పెళ్ళిపందిరికి, కూరగాయలు తరిగే కత్తికి దక్కింది. ఒకే ఆసనం ఎక్కిన చోటును బట్టి పలుకు మార్చుకున్నది. ఆసనానికీ అర్హతకీ ఉన్న సంబంధాన్ని శతకకారులు కూడా గమనించారు. కనకపు సింహాసనం మీద శునకాన్ని కూర్చోబెట్టే సుమతీశతక పద్యం తెలియని తెలుగువారు అరుదు.

పేము విషయానికి వస్తే, దీనికి 'ప్రేము' అన్న రూపమూ ఉంది. ప్రొద్దు 'పొద్దు' అయినట్టే, ప్రొద్దుటూరును ఆ చుట్టుపక్కల జనం 'పొద్దుటూరు' అన్నట్టే, ప్రేము 'పేము' అయింది. 'ప్రబ్బలి' అన్నది ఇంకొక పాతమాట. సంస్కృతంలో ఇదే 'వేత్రం'. దాని వికృతి మన 'బెత్తం'. కుమారసంభవం ఆరో సర్గలో హిమవంతుడు తన ఇంటికి వచ్చిన సప్తర్షులను వేత్రాసనాల మీద కూర్చోబెట్టి చేతులు మోడ్చి మాట్లాడతాడు. అంటే పేము కుర్చీ కాళిదాసు నాటికే అతిథి మర్యాదకు తగిన ఆసనం. అదే కాళిదాసు శాకుంతలంలో రాజద్వారం కాచే స్త్రీ పేరు వేత్రవతి, బెత్తం పట్టుకున్నది. ఒకే తీగ ఒకచోట కూర్చోబెట్టింది, ఇంకొకచోట నిలబెట్టి ఆపింది. మన బడుల్లోనూ పేము ఈ రెండు పనులూ చేసింది. అయ్యవారి కుర్చీలో అల్లికై ఉన్నదీ, అయ్యవారి చేతిలో బెత్తమై ఉన్నదీ అదే.

చట్రమూ అల్లికా

పాశ్చాత్యుల కథను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవాలి. వియన్నాకు చెందిన థోనెట్ సంస్థ 1859లో ఆవిరితో వంచిన బీచ్ కర్రకు పేము అల్లిక కూర్చి పద్నాలుగో నంబరు కుర్చీని విడుదల చేసింది. లోకమంతటా కాఫీ హోటళ్ళలో కనబడే కుర్చీ అదే. 1925 ప్రాంతంలో జర్మనీలోని బౌహౌస్‌లో పనిచేస్తున్న మార్సెల్ బ్రాయర్ తన సైకిలు హ్యాండిలును చూసి, ఇంత తేలికైన గొట్టాన్ని కుర్చీకి ఎందుకు వాడకూడదని ఆలోచించాడు. 1927లో మీస్ వాన్ డెర్ రో గొట్టపు కుర్చీ స్టుట్‌గార్ట్ ప్రదర్శనకు వచ్చింది. దానికి పేము అల్లిక చేకూర్చినది లిల్లీ రైక్. మరుసటి ఏడు బ్రాయర్ గీసిన కుర్చీలో ఉక్కు గొట్టానికి చెక్క చట్రం బిగించి, ఆ చెక్కకు పేము అల్లారు. తరువాతి కాలంలో అది 'చెస్కా' అన్న పేరుతో ప్రసిద్ధమైంది.

చెక్క చట్రం మధ్యవర్తిగా ఎందుకు అవసరమైందో గమనించాలి. పేము అల్లడానికి చట్రం చుట్టూ దగ్గరదగ్గరగా చిల్లులు కావాలి. గొట్టానికి అన్ని చిల్లులు పొడిస్తే దాని బలం పోతుంది, లోపలికి తడి చేరి తుప్పు పడుతుంది. అందువల్ల ఇనుము బరువు మోస్తుంది, చెక్క చిల్లులు భరిస్తుంది, పేము మనిషిని భరిస్తుంది. పేము కర్ర వెదురులా బోలు కాదు, లోపల గట్టిగా నిండి ఉంటుంది. దాని పైతోలును సన్నని పట్టీలుగా చీల్చి, నీళ్ళలో నానబెట్టి, మెత్తగా ఉండగానే అల్లుతారు. నిలువుగా రెండు వరసలు, అడ్డంగా రెండు వరసలు, తరువాత మూలకు మూల ఏటవాలుగా ఒకటి, దానికి ఎదురుగా ఇంకొకటి. ఆరిన తరువాత పట్టీ బిగుసుకొని తప్పెట చర్మంలా నిలుస్తుంది. ఎనిమిది మూలల చిన్న కిటికీల గుండా గాలి ఆడుతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే కడప ఎండల్లో గాలి ఆడే ఆసనం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన నులకమంచాన్ని చూద్దాం. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, నడుమ అల్లిన నులక, కాళ్ళవైపు బిగించే తాడు. బరువు మోసేది ఒకటి, మనిషిని మోసేది ఇంకొకటి. వదులైతే తాడు లాగి బిగిస్తారు, తెగితే చట్రాన్ని ఉంచుకొని అల్లిక మాత్రం మారుస్తారు. ఈ సీమలో పొలాల గట్ల మీద పెరిగే కిత్తలి నార, జనుము ఇందుకు ముడిసరుకులు. నవారు మంచం ఇదే పద్ధతికి కొంచెం సంపన్న రూపం. బౌహౌస్ కొత్తగా కనుగొన్నట్టు చెప్పుకునే సూత్రం, అంటే గట్టి చట్రం, దాని మీద సాగే అల్లిక, మన వాకిట్లో పందిరి కింద ఎప్పటినుంచో ఉన్నది. బ్రాయర్ ప్రతిభను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఇనుము, పేము కుర్చీ మొదటిసారి ఈ పట్టణాలకు వచ్చినప్పుడు దాన్ని బాగుచేయడం ఎలాగో ఇక్కడివారికి ఎవరూ నేర్పనక్కరలేకపోయిందన్నదే నా అభిప్రాయం. దానికి సాక్ష్యం మళ్ళీ మాటలే. కుర్చీ అన్న పేరు అరువుది. కోడు, పట్టె, అల్లిక, బిగింపు, వదులు ఇవన్నీ మంచం దగ్గరినుంచి కుర్చీకి నడిచివచ్చిన మాటలు. దిగజారిన మంచాన్ని 'కుక్కిమంచం' అంటాం. కుంగిన ఆసనానికి ప్రత్యేకమైన పేరు పెట్టుకున్న భాష మనది.

ముడిసరుకు మాత్రం స్థానికం కాదు. ఏటా సగటున 700 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో, అందులోనూ అంతకన్నా తక్కువ పడే పులివెందుల వైపు, తడి అడవులు కోరే పేము పెరగదు. మేదరవారి చేతిపని ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నా అది వెదురుది: గంపలు, చేటలు, దడులు. పేము, ఇనుప గొట్టం రెండూ బయటినుంచే రావాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు చాలాకాలం దగ్గరి రైల్వే స్టేషను ఎర్రగుంట్ల. పులివెందులవైపు వెళ్ళేవారికి ముద్దనూరు. మద్రాసు–బొంబాయి రైలుమార్గం మీద దిగిన సరుకు అక్కడినుంచి బండ్లెక్కి, తరువాత లారీలెక్కి పట్టణాలకు చేరేది. 1949లో అంబత్తూరు కేంద్రంగా సైకిళ్ళ పరిశ్రమ, 1955లో ఆవడిలో గొట్టాల పరిశ్రమ మొదలైన తరువాత మద్రాసు దిక్కునుంచి ఇనుప గొట్టం అందుబాటు పెరిగింది. బ్రాయర్ ఊహకూ మన పట్టణ వీధికీ నడుమ నిజమైన వంతెన సైకిలే. సైకిలు చట్రాన్ని అతికే చేతికి కుర్చీ కాలు అతకడం కష్టం కాదు.

రాయి

ఈ మూడు పట్టణాల్లో కూర్చోవడం గురించి రాస్తూ నాపరాతిని వదిలిపెట్టడం అన్యాయం. విలియం కింగ్ 1872లో ప్రచురించిన కడప, కర్నూలు శిలల నివేదికలో ఒక శిలావర్గానికి జమ్మలమడుగు పేరే పెట్టాడు. ఆ వర్గంలోని నార్జి సున్నపురాయి, దాని సోదర శిలలు పలకలు పలకలుగా ఊడివస్తాయి. ఇంటి అరుగు, బస్సుల కోసం నిలిచేచోట బల్ల, టీ అంగడి ముందర రెండు రాళ్ళ మీద మోపిన పలక, రచ్చబండ, అన్నీ ఇదే. చెదలు పట్టదు, తుప్పు పట్టదు, ఎవరూ ఎత్తుకుపోరు. తెల్లవారుజామున చల్లగా, మధ్యాహ్నం కాలే పెనంలా ఉంటుంది. కుర్చీకీ దీనికీ అసలు భేదం మెత్తదనంలో లేదు. రాతిబల్ల మీద పక్కన ఎవరు కూర్చుంటారో నిర్ణయించలేం, కుర్చీ ఒక్కరికే.

1953 అక్టోబరు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో రాజధాని రాయలసీమకు, కర్నూలుకు వచ్చింది. కార్యాలయాలకు భవనాలు చాలక డేరాలు వేశారు. సరిగ్గా ఆరు రోజుల తరువాత, అక్టోబరు 7న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ పంజాబు కొత్త రాజధాని చండీగఢ్‌ను ప్రారంభించారు. లె కొర్బూజియే నేతృత్వంలో రూపొందుతున్న ఆ నగరంలో 1951 నుంచి 1965 వరకు ఉండి పనిచేసిన పియెర్ జానెరె అక్కడి కార్యాలయాల కోసం టేకు, పేము కుర్చీలను తీర్చిదిద్దాడు. స్థానిక వడ్రంగులు వాటిని వేలసంఖ్యలో చేశారు. దేశంలో ఒక రాజధానికి కుర్చీ ప్రత్యేకంగా గీయబడుతున్నప్పుడు ఇంకొక రాజధానికి గోడలే లేవు. మూడేళ్ళకు, 1956లో, ఆ డేరాల రాజధాని కూడా హైదరాబాదుకు తరలిపోయింది. ఈ రెండు అక్టోబరు దినాలను పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ. రాయలసీమ పట్టణాల కార్యాలయ సామగ్రికి ఒక నిర్దిష్ట శైలి ఏర్పడకపోవడానికి మూలం ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. ఇక్కడి కుర్చీ రాజధాని గీసినది కాదు. తాలూకా అవసరం తెచ్చినది.

ఆ అవసరం ఏమిటంటే, ఒక్కసారిగా పెరిగిన ప్రభుత్వం. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకం బ్లాకులను తెచ్చింది. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. 1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి శాఖలు ఏర్పడ్డాయి. ప్రతి కొత్త గదికీ బల్ల, బీరువా, నాలుగు కుర్చీలు కావాలి. ఇనుప కుర్చీ చెదలకు లొంగదు, లెక్క తేలిక, అల్లిక పోతే మళ్ళీ అల్లించవచ్చు. ఆధునికత అంటే ఇక్కడ ఇంతే.

కూర్చునే హక్కు

వస్తువు ధర కన్నా బరువైన విషయం దానిమీద ఎవరు కూర్చోవచ్చునన్నది. ఉత్తర భారతంలో ఆంగ్లేయ అధికారుల ఎదుట కుర్చీలో కూర్చునే గౌరవం పొందినవారిని 'కుర్సీ నషీన్' అనేవారు. అందుకు ధ్రువపత్రాలు కూడా ఇచ్చేవారు. పత్రం లేనివాడు నిలబడాలి. మన పల్లెల్లో పత్రం అవసరం లేకపోయింది, కులం ఉండగా. పెద్దరైతు వీధిలో నడిచి వస్తుంటే దళితుడు తన ఇంటిముందరి మంచం మీదినుంచి లేచి నిలబడవలసిన ఆచారం తెలుగు పల్లెల్లో ఎంతకాలం నడిచిందో పెద్దలు చెప్పగా విన్నవారు ఇంకా ఉన్నారు. సొంత మంచం, సొంత వాకిలి. కూర్చునే హక్కు మాత్రం సొంతం కాదు. అంబేద్కర్ బాల్యంలో బడికి తన గోనెపట్టాను ఇంటినుంచి తీసుకుపోయి దానిమీద విడిగా కూర్చున్న సంగతి ఆయనే రాసుకున్నారు.

కార్యాలయపు కుర్చీ ఈ వ్యవస్థలోకి వచ్చింది. అది రెండు పనులు చేసింది. అధికారికి ఎదురుగా ఉంచిన ఖాళీ కుర్చీ ఎవరిని కూర్చోమంటారో, ఎవరిని నిలబెడతారో బహిరంగంగా చూపింది. అదే సమయంలో సమితి సమావేశపు గదిలో, చట్టం ప్రకారం, ఒకే ఎత్తున్న కుర్చీలు వరసగా పడ్డాయి. 1959 చట్టం సమితుల్లో స్త్రీలనూ షెడ్యూల్డు కులాలవారినీ సభ్యులుగా చేర్చుకునే ఏర్పాటు చేసింది. నేలమీద కూర్చున్నవాడూ మంచం మీద కూర్చున్నవాడూ పక్కపక్క కుర్చీలకు మారే అవకాశం కాగితం మీదనైనా మొదటిసారి కలిగింది. మంచం ఇంటి వస్తువు, ఇంటి నియమాలకు లోబడుతుంది. కుర్చీ ప్రభుత్వ సొత్తు. దానిమీద అంకె వేసి ఉంటుంది. ఎవరి ఇంటినుంచీ రాని ఆసనం కావడమే దాని బలం. ఆ బలం ఎంత పరిమితమైనదో కూడా చెప్పాలి. డెబ్బై మూడో రాజ్యాంగ సవరణ తరువాత ఎన్నికైన దళిత సర్పంచులను సైతం నేలమీద కూర్చోబెట్టిన ఉదంతాలు అనేక రాష్ట్రాల నుంచి వార్తలకెక్కాయి. తెలుగులో 'కుర్చీ' పదవికి పర్యాయపదం కావడం కేవలం అలంకారం కాదు.

సాహిత్య సభలది ఇంకొక తీరు. జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి, శివతాండవం రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులు ముగ్గురికీ ప్రొద్దుటూరుతో గాఢమైన అనుబంధం. ఇటువంటి కవుల కాలపు సభల్లో శ్రోతలకు జంపఖానాలు, అధ్యక్షుడికి కుర్చీ. అవధానిది మాత్రం వేదిక మీద చాపా కావచ్చు, కుర్చీ కావచ్చు. ధారణ ఆసనం మీద ఆధారపడదు కదా.

అల్లిన చేతులు

పేము అల్లిక కళ్ళకన్నా వేళ్ళకు సంబంధించిన పని. నిలువు, అడ్డం, ఏటవాలు వరసల లెక్క వేలికొనలకు తెలిస్తే చాలు. అందువల్లనే దేశదేశాల్లో అంధుల వృత్తిశిక్షణలో కుర్చీ అల్లిక మొదటి వరసలో నిలిచింది. మన దేశంలోనూ అంధుల శిక్షణాలయాలు దీన్ని నేర్పాయి; ప్రభుత్వ కార్యాలయాల్లో కుర్చీలు అల్లే ఉద్యోగాన్ని అంధులకు తగిన పనుల జాబితాలో చేర్చారు. చూపున్న అధికారి జీవితమంతా ఆనుకున్న వీపుపట్టీని చూపులేని చేతులు అల్లి ఉండవచ్చునన్న సంగతి కార్యాలయ చరిత్రల్లో కనబడదు.

పేము కొరత, ఖరీదు పెరిగినకొద్దీ ప్లాస్టిక్ వైరు దాని స్థానాన్ని ఆక్రమించింది. వైరుబుట్ట అల్లడం తెలియని ఇల్లాలు లేని కాలంలో అదే వైరు కుర్చీ మీదికి, మంచం మీదికి వచ్చింది. దీన్ని దిగజారుడుగా చూసే పరిశీలకులతో నాకు ఏకీభావం లేదు. వైరు నానబెట్టనక్కరలేదు, చిల్లులు అక్కరలేదు. గొట్టం చుట్టూ నేరుగా తిప్పి బిగించవచ్చు. అంటే చెక్క మధ్యవర్తి తొలగిపోయి, చట్రమూ అల్లికా మళ్ళీ నులకమంచంలో వలె నేరుగా కలుసుకున్నాయి. ప్రొద్దుటూరు వంటి నేతపట్టణంలో రెండు రంగుల వైరుతో గళ్ళు తీర్చిన కుర్చీని చూసినప్పుడు నాకు చీర అంచు గుర్తుకు రావడం కేవలం అభిమానం కాదనుకుంటాను.

నిజమైన విచ్ఛేదం ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కుర్చీతో వచ్చింది. ఫ్రాన్సులో 1972లో ఆన్రీ మసొనే రూపొందించిన నమూనా సంతానం 1990ల నుంచి మన పెళ్ళిపందిళ్ళనూ, సంతాపసభలనూ, రచ్చబండనూ ఒక్కతీరుగా నింపింది. చవక, తేలిక, ఒకదానిలో ఒకటి ఇమిడిపోతుంది, అందరికీ దొరికింది. కుర్చీలు చాలక కొందరిని నేలమీద కూర్చోబెట్టామన్న సాకు ఆ తరువాత చెల్లలేదు. ఈ మేలును పాత కుర్చీ ప్రేమికులు ఒప్పుకోరు గాని, అది మేలే.

ఇదే కాలంలో చండీగఢ్ కార్యాలయాలు పనికిరానివని వేలం వేసిన జానెరె కుర్చీలు విదేశీ వేలంశాలల్లో లక్షల రూపాయలు పలికాయి. 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామగ్రిని వారసత్వ సంపదగా కాపాడాలని ఉత్తర్వులిచ్చింది. రూపకర్త పేరు లేని మన తాలూకా కుర్చీకి అటువంటి ఉత్తర్వు రాలేదు. దాన్ని తూకానికి అమ్మేటప్పుడు అల్లికను ముందు కోసి పారవేస్తారు, ఇనుముకే ధర కనుక. కొత్త కుర్చీలో కోయడానికి అల్లిక లేదు, బిగించడానికి తాడు లేదు. అది విరుగుతుంది, కుక్కి కాదు.